మొదటి ఆకు మీద ఉప్పు

"రేపటి నుంచి ఆకులొద్దు పిన్నీ. వద్దంటే వద్దు."

"వద్దంటే మానేస్తా. నాకేం, గుంటూరు మొత్తానికి నీదొక్కటే మెస్సా? ఎందుకొద్దో చెప్పు ముందు."

"ఎందుకేంది? నువ్వు ఆకులు తెచ్చిన రోజున జనం వేళ్ళు నాక్కుంటా లేస్తన్నారు. మర్నాడు అవే ఆకులేస్తే సగం తిని మడిచేసి పోతన్నారు. నిన్నటి ఆకు వాసనేస్తంది. వేడన్నం పడేసరికి ఆ పసరంతా కూరల్లోకి దిగుతంది."

"ఏరా కోటేశ్వరరావ్, తడి గోనెలో పెట్టిన అరిటాకు ఒక్క రాత్రికే వాసనేస్తదా? ఇన్నేళ్ళల్లో ఏ హోటలోడన్నా అన్నాడా నన్నీ మాట?"

"వాళ్ళు చూసుకోలా. నేను చూశా. స్టీలు కంచాలు తెచ్చా, అదిగో, మూలన పెట్టా."

"ఆ కంచాలు తోమేదెవరు? మీ అక్కా?"

"మా అక్కనెందుకు మధ్యలోకి లాగుతావ్?"

అక్కడ నేను నోరు మూసుకున్నాను. కోటేశ్వరరావు వెనక, వంటింటి గడపలో వాళ్ళక్క రాజ్యం నిలబడి ఉంది. నా వంక చూసి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

ఈ తగువు జరిగింది బ్రాడీపేటలో, ఒక మెస్సు పెరట్లో. అది ఎటు తిరిగిందో తెలియాలంటే ముందు నా పని సంగతి చెప్పాలి.

పని

మాది తాడేపల్లి. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. రాయటం నాకు నెమ్మది. మా మనవడి పెళ్ళాం, వాళ్ళ డ్వాక్రా గ్రూపులో ఇంకొందరు కలిసి ఇప్పుడు పెళ్ళిళ్ళకి, హోటళ్ళకి అరిటాకులు వేసే పని మొదలుపెడతామంటున్నారు. "నాయనమ్మా, ఏముంది ఇందులో, కోయటం, మోయటమేగా" అంది ఆ పిల్ల. ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను.

మా ఆయన కృష్ణ ఒడ్డు తోటల్లో అరటిగెలలు కోసే పనికి పోయేవాడు. గెల దించాక ఆకులు గేదెలకు వేసేవారు. చాపంత ఆకుని గేదె నములుతుంటే నాకు మనసొప్పేది కాదు. గుంటూరులో ఆకు దొరక్క కాగితం విస్తళ్ళలో తింటున్నారని ఎవరో అన్నారు. మర్నాడే ఒక కట్ట కట్టుకుని కృష్ణా కెనాల్ స్టేషన్లో పాసింజరు ఎక్కాను. ఒక వస్తువు పారేస్తుంటే చూడలేకపోవటం, అంతే, నా వ్యాపారం మొత్తం అందులోంచి పుట్టింది.

పనిలో ఉన్న కష్టం మోతలో లేదు. మోత అలవాటవుతుంది. గాలి రోజుల్లో చీలిన ఆకుని ఎవరికీ అంటగట్టకుండా ఉండటం కష్టం. ఎండాకాలం ఆకు ఈనె దగ్గర పుటుక్కున విరుగుతుంది, దాన్ని నీళ్ళు చల్లి, బుజ్జగించి వంచాలి. చారు పోస్తే ఒళ్ళోకి కారే ఆకు ఒక్కటి వేశారంటే, ఆ తిన్న మనిషి మిమ్మల్ని తిట్టడు, హోటలు మానేస్తాడు. మీకెప్పటికీ తెలియదు.

నా బేరంలో ఒక షరతు ఉండేది. నేను ఆకులు దించిన చోట, మొదటి బంతిలో మొదటి ఆకు నాది. ఆకు సంగతి తెలియాలంటే దాని మీద తినాలి, బజార్లో నిలబడి చూస్తే తెలియదు. ఇంకో సంగతి కూడా ఉంది, దాచటమెందుకు. ఆ పూటకి ఇంట్లో కట్టెలు మిగిలేవి.

అట్లా నేను గుంటూరు హోటళ్ళన్నీ తిన్నాను. టీవీల్లోనూ పేపర్లలోనూ ఇప్పుడు హోటళ్ళ గురించి చెబుతుంటారు గాని, నాకంటే ఎక్కువ బంతుల్లో కూచున్నవాళ్ళు వాళ్ళల్లో ఎవరూ ఉండరు.

తిన్న చోట్లు

మిర్చి యార్డు వైపు ఒక భోజన హోటలుంది. కొత్తవాళ్ళు ఏమనుకుంటారంటే, మిరపకాయల ఊరు, మిరపకాయల యార్డు, అక్కడ తినేవాళ్ళకి కారం దట్టించాలని. నేను చూసింది వేరు. తెల్లవారుజాము నుంచి టిక్కీలనే మిరప బస్తాల మధ్య కూచుని కోరు ఘాటు పీల్చిన రైతు, బస్తాలు మోసిన ముఠా మనిషి, అన్నం దగ్గర కూచోగానే అడిగేది మజ్జిగ. తర్వాత దోసకాయ పప్పు. ఎర్రటి పచ్చడి వంక చూడరు. ఆ హోటలు ఆసామికి ఇది తెలుసు. ఆకు వేసి నీళ్ళు చల్లగానే చిన్న గ్లాసుడు పల్చటి మజ్జిగ పెట్టేవాడు. ఎదురుగా ఇంకో హోటలు గోంగూర, కారప్పొడి అని బోర్డు రాసుకుని ఈగలు తోలుకునేది.

కొత్తపేటలో ఆసుపత్రుల సందులో ఒకటుంది. కూరలు బాగోవు. పప్పు నీళ్ళ మీద తేలేది. అయినా నేను అక్కడ ఆకులు మానలేదు. అక్కడ తినేవాళ్ళంతా పక్కన ఒక క్యారేజీ పెట్టుకుని కూచునేవాళ్ళు, లోపల మంచం మీద ఎవరో ఉంటారు కదా. వడ్డించే వెంకయ్య అని ఒక పెద్దాయన, ఎవరూ అడగకుండానే ఆ క్యారేజీ మూత తీసి వేడి చారు పోసేవాడు. "మిరియాల చారమ్మా, కాస్త తాగించు" అనేవాడు. ఒకసారి ఒకామె తినకుండా ఆకు వంకే చూస్తూ కూచుంది. వెంకయ్య అన్నంలో చారు తనే పోసి, "కలుపుకో తల్లీ, ముందు నువ్వు నిలబడాలి" అన్నాడు. ఆమె తింది. అది చూశాక పప్పు సంగతి నేనెందుకు మాట్లాడతాను?

లాలాపేటలో మస్తాన్‌వలీ గారి బిర్యానీ హోటలు. పళ్ళెంలో అరిటాకు ముక్క పరిచి దాని మీద బిర్యానీ వేసేవాడు. ఆయన రంజాన్ నెలంతా ఉపవాసం ఉంటూనే వండేవాడు, ఒక్క మెతుకు నోట్లో వేసుకోకుండా. ఒకసారి అడిగాను, "ఉప్పెట్టా తెలుస్తది మస్తాన్ గారూ?" అని.

"వాసనే చెబుద్దమ్మా. ఉప్పు చాలిన ఎసరు వాసనొకటి, చాలని ఎసరు వాసనొకటి. నాలుకది ఏముంది, అది ముక్కు వెనకాల నడిచేది."

ఆ మాట నాకు తర్వాత పనికొచ్చింది.

ఇంకొంత కాలానికి లక్ష్మీపురం వైపు ఏసీ హోటళ్ళు వచ్చాయి. ఆకుని గుండ్రంగా కత్తిరించి పింగాణీ పళ్ళెంలో పరుస్తారు. అంత ఆకు కోసి, చుట్టూ ముప్పాతిక పారేస్తారు. లోపలంతా చీకటి. కుర్రాడొచ్చి వంగి, "కారం ఎక్కువ వేయించమంటారా, తక్కువా అమ్మగారూ?" అన్నాడు. "మీ ఇంట్లో ఎట్టా వేస్తారో అట్టా వేయించు నాయనా" అన్నాను. పాపం, బిత్తరపోయాడు. అడిగి అడిగి వండేవాడికి వాడి కూర మీద వాడికే గురి లేదని నా లెక్క. మా మనవళ్ళు ఒప్పుకోరు. వాళ్ళిష్టం.

బంతి లేచాక

అసలు పని అందరూ తిని లేచాక ఉంటుంది. ఎంగిలాకులు వేసే గంప దగ్గరికి పోయి చూడాలి. ముక్కు మూసుకోకండి, అక్కడే మీ బేరం ఉంది. తిన్నవాడు మొహమాటానికి "బాగుందండీ" అంటాడు, ఆకుకి మొహమాటం లేదు. కూరలన్నీ తలా కాస్త మిగిలితే వడ్డించేవాడు బలవంతపెట్టాడని. పప్పు ఒక్కటే కుప్పగా ఉంటే ఉప్పో, ఉడుకో తేడా. కూరలు, పప్పు, పులుసు అన్నీ పక్కకు నెట్టేసి కందిపొడి, పెరుగు మాత్రం తుడిచినట్టు ఖాళీ అయితే, వండిన మనిషికి ఏదో అయిందని. పొడీ పెరుగూ ఆ పూట పొయ్యి మీదివి కావు కదా.

రాజ్యం సంగతి నాకు అట్లాగే తెలిసింది.

రాజ్యం

వాళ్ళది దర్శి దగ్గర ఊరు. పత్తి దెబ్బతీశాక పొలం వదులుకుని కోటేశ్వరరావు గుంటూరు వచ్చి మెస్సు పెట్టాడు. ముందు గదిలో అతను, వంటింట్లో అతని అక్క రాజ్యం. తల్లి పోయినప్పుడు కోటేశ్వరరావు చంటివాడు, ఎత్తుకుని పెంచింది ఆమే. పెళ్ళి చేసుకోలేదు. వయసులో నాకు దగ్గర, అందుకని తమ్ముడికి పిన్నినైన నేను ఆమెకి వదినని. చదువుకునే పిల్లలు, ఆఫీసు గుమస్తాలు ఆమె గోంగూర పప్పు కోసం మెట్ల మీద నిలబడేవారు.

రాజ్యం వండేటప్పుడు రుచి చూసేది కాదు. పదిమందికి వడ్డించే గిన్నెలోది ముందే నోట్లో వేసుకుంటే ఎంగిలి అని వాళ్ళమ్మ నేర్పిందట. గిన్నె మీదికి వంగి ఒక్కసారి ఆవిరి పీల్చి, "ఇంకో చిటికెడు" అని తనలో తను అనుకుని వేసేది. ఎప్పుడూ తప్పింది లేదు.

ఒక వానాకాలం ఆమెకి జ్వరం పట్టుకుంది. లేచి మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చిన కొన్నాళ్ళకి గంపలో ఆకులు నేను చెప్పినట్టు మారాయి. పొడి, పెరుగు ఖాళీ. మిగతావన్నీ కుప్పలు. నా ముద్ద నాకూ తేడాగానే ఉంది గాని, ముసలి నాలుక నాదేనేమో అనుకున్నాను.

ఒక రోజు పెరట్లో ఆకులు దించుతుంటే పాలు మాడిన కంపు. పరిగెత్తుకుంటూ పోయాను. రాజ్యం పాల గిన్నెకి జానెడు దూరంలో కూచుని వంకాయలు తరుగుతోంది.

"ఏమ్మా రాజ్యం, పాలు మాడిపోతన్నయ్ కదే!"

ఉలిక్కిపడి గిన్నె వంక చూసింది. చూసింది గాని, ముక్కు కదల్చలేదు. నేను పొయ్యి ఆర్పి, ఇంగువ డబ్బా మూత తీశాను.

"కళ్ళు మూసుకో."

"ఎందుకొదినా?"

"మూసుకోవే. ఏందిది చెప్పు."

చాలాసేపు పీల్చింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు వచ్చాయి.

"జ్వరంతోనే పోయిందొదినా. వచ్చుద్ది, వచ్చుద్దనుకుంటా ఉన్నా. ఎవరూ చూడకుండా నోట్లో కూడా వేసుకున్నా, ఎంగిలైతే అయిందని. అన్నీ వేన్నీళ్ళ లాగున్నయ్."

"తమ్ముడికి చెప్పు. వాడేమన్నా నిన్ను గెంటేస్తాడా?"

"గెంటితే తిట్టేదాన్ని. గెంటడు. 'ఇన్నాళ్ళు చేశావు, ఇంక కూచో అక్కా' అంటాడు. మంచం వేస్తాడు, టీవీ పెడతాడు. నేను కూచుని ఏం చెయ్యాలి? ఊళ్ళో పొలం పోయింది. ఈ పొయ్యి ఒక్కటుంది నాది అనేదానికి. వాడికి తెలియనియ్యకు వదినా, నీకు దణ్ణం పెడతా."

నేను తేలిగ్గా మాట ఇచ్చేదాన్ని కాదు. ఆ రోజు ఇచ్చాను.

తర్వాత మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. మొదటి ఆకు ఎలాగూ నాదే. వంటింటి గడపకి ఎదురుగా కూచునేదాన్ని. ఆకు కొస మీద అందరికీ కాస్త ఉప్పు వడ్డిస్తారు కదా. నేను ఆ ఉప్పు చిటికెడు తీసుకుని పప్పులో కలిపితే, పప్పుకి ఉప్పు చాలలేదని. ముద్దలోకి ఇంకాస్త అన్నం లాక్కుంటే ఉప్పు ఎక్కువైందని. పులుసన్నంలో పచ్చడి నంజుకుంటే పులుపు చాలలేదని. రాజ్యం గడపలో నిలబడి నా చెయ్యి చూసేది, లోపలికి పోయి గిన్నె సరిచేసేది. మిగతా బంతి కూచునేసరికి అన్నీ కుదిరేవి. చూసేవాళ్ళకి ఏముంది? ఒక ముసలామె అన్నం తింటోంది, అంతే.

కాని నేను ఆ మెస్సుకి వెళ్ళేది రోజు మార్చి రోజు. తడి గోనెలో ఆకు రెండు రోజులు నిలుస్తుంది. మధ్య రోజు అదే వేళకి నాకు కొత్తపేట, లాలాపేట ఉన్నాయి. అందుకని నేను వచ్చిన రోజు వంట వెనకటి వంట. రాని రోజు రాజ్యం చీకట్లో తడుముకున్నట్టు.

కోటేశ్వరరావు ఇది కనిపెట్టాడు. కనిపెట్టడా మరి, పత్తి పండించినవాడు. ఆకు చూసి తెగులు చెప్పే అలవాటు వాళ్ళకి. కొత్త ఆకు రోజున జనం తింటున్నారు, పాత ఆకు రోజున తినటం లేదు, కాబట్టి తెగులు ఆకుదే అన్నాడు. లెక్కలో తప్పు పట్టటానికి లేదు. నిజం చెబితే గాని అతని మాట తప్పని చూపలేను, నిజం చెప్పనని మాట ఇచ్చాను. ఆకులు ఆగితే నేను రాను. నేను రాకపోతే రాజ్యం పొయ్యి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

తగువు తెగిన చోటు

"మా అక్కనెందుకు లాగుతావ్?" అన్నాడు కదా. నేను పెరటి మెట్టు మీద కూచుని, నెమ్మదిగా అడిగాను.

"అబ్బాయ్, నువ్వు అన్నం ఎప్పుడు తింటావు?"

"అందరూ లేచాక. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం తింటావు?"

"ఆ వేళకేం మిగిలితే అది. ఆకలి చచ్చి ఉంటది. ఇంత పచ్చడి, పెరుగు."

"మీ అక్క చేతి వేడి పప్పు తిని ఎన్నాళ్ళయింది?"

అతను మూలనున్న కంచాల వైపు చూశాడు.

"రేపు పాత ఆకు రోజేగా. ఆకు వేయొద్దు. నీ కొత్త కంచమే పెట్టుకో. మొదటి బంతి కూచోకముందు, వంటింటి వైపు మొహం పెట్టి, వేడిగా తిను. కంచంలో బాగుంటే నా ఆకుదే తప్పు. ఇంక ఈ సందులోకి రాను."

"సరే. నువ్వూ వచ్చి చూడు. తర్వాత కాదంటావు."

"రేపు నా రోజు కాదు. ఆ వేళకి నాకు కొత్తపేటలో పనుంది. అయినా వస్తాలే."

నేను సందులోకి వచ్చేసరికి రాజ్యం వెనకాలే వచ్చింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఎంత పని చేశావొదినా."

"నేనేం చెప్పానే?"

"చెప్పలా. వాణ్ణి తీసకొచ్చి నా ముందు కూచోబెట్టావు."

"నీ చేతి అన్నం తిని పెరిగినోడేగా. తిననీ."

మర్నాడు పొద్దున

నేను వెళ్ళేసరికి కోటేశ్వరరావు గడపకి ఎదురుగా బల్ల మీద కూచుని ఉన్నాడు. ముందు కొత్త కంచం. కొట్టువాడు అంటించిన కాగితం దాని అంచున ఇంకా ఉంది. నేను పెరటి గుమ్మంలో నిలబడ్డాను.

రాజ్యం అన్నం పెట్టింది, దోసకాయ పప్పు వేసింది, నెయ్యి వేసింది. వెనక్కి పోయి గడపలో నిలబడింది.

అతను కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు నమలకుండా ఉంచుకుని మింగాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఏదో అనబోయి తలెత్తాడు. వాళ్ళక్క అతని మొహం చూడటం లేదు, కుడిచెయ్యి చూస్తోంది. అతను చెయ్యి కాస్త పక్కకి జరిపాడు. ఆమె చూపు చెయ్యి వెంటే జరిగింది.

రోజు మార్చి రోజు నేను కూచుని ఉప్పు కలుపుకునే చోటది. అప్పుడతను నా వంక చూశాడు. నేను ఆకుల కట్ట వంక చూశాను.

"జ్వరం వచ్చినప్పటి నుంచా అక్కా?" అన్నాడు.

"ఊఁ" అంది రాజ్యం.

ఇంకేమంటాడోనని నేను చూస్తున్నాను. ఆమె కూడా చూస్తోంది, చెంగు కొస వేలికి చుట్టుకుని.

"ఈ కంచంలో ఉప్పు వడ్డించలేదు" అన్నాడతను.

లేచి చెయ్యి కడుక్కున్నాడు. గోనె కింద నుంచి నిన్నటి ఆకు ఒకటి తీసి, నీళ్ళు చల్లి తుడిచాడు. కొస ఎడమ చేతి వైపుకి వచ్చేట్టు బల్ల మీద పరిచాడు. ఉప్పు డబ్బా తెచ్చి కొస మీద తనే ఇంత ఉప్పు పెట్టుకుని మళ్ళీ కూచున్నాడు.

"వడ్డించక్కా" అన్నాడు.

ఆమె వడ్డించింది. అతను ఉప్పు చిటికెడు తీశాడు. ఆమెకి కనపడేట్టు చెయ్యి ఎత్తి పట్టుకుని, తర్వాత పప్పులో కలిపాడు. రాజ్యం లోపలికి పోయి గిన్నెలో ఉప్పు వేసి తిప్పి, గరిటెడు తెచ్చి మళ్ళీ వేసింది. అతను తిని, మళ్ళీ చిటికెడు తీశాడు, ఈసారి ఇంకా కొంచెం. ఆమె మళ్ళీ లోపలికి పోయి వచ్చింది. మూడోసారి అతని చెయ్యి ఉప్పు దగ్గరికి పోలేదు. ఆకు మీద ఉన్నదంతా తిన్నాడు. పులుసుకి, చారుకి కూడా అట్లాగే జరిగింది.

అతను ఆకు తన వైపుకి మడిచి లేచి, తలుపులు తీశాడు. మెట్ల మీద ఉన్నవాళ్ళు వచ్చి మొదటి బంతి కూచున్నారు. వాళ్ళకి నిన్నటి ఆకులే వేశాడు.

"రేపు ఆకులు తే పిన్నీ" అన్నాడు నాతో, నీళ్ళ చెంబు పట్టుకుని పోతూ.

నేను గోనె తడిపి మిగిలిన ఆకుల మీద కప్పాను. తర్వాత స్టేషనుకి నడిచాను.